ఎడమ బూటు బరువు

మా ఆయన బూట్లు కొనడానికి బయల్దేరారంటే ఆ సందులోని కొట్టువాడికి చెమటలు పట్టేవి. నన్ను చేసుకునేటప్పుడైనా అంత పరీక్షగా చూశారో లేదో నాకిప్పటికీ అనుమానమే. బూటుని రెండు చేతులా పట్టుకుని విల్లులా వంచేవారు. ముడత వేళ్ళ మొదట్లో పడితే సరే, నడిమధ్యలో పడిందా, పక్కన పెట్టేసేవారు. తోలు మీద బొటనవేలితో నొక్కి, ఆ సొట్ట మళ్ళీ సర్దుకుంటోందా లేదా అని కళ్ళు చికిలించి చూసేవారు. చివరికి లోపల ముక్కు పెట్టి వాసన కూడా చూసేవారు.

"అన్నా, అది బూటు. పుచ్చకాయ కాదు," అనేవాడు కొట్టువాడు.

"పుచ్చకాయైతే కోసి చూపించేవాడివి. దీన్ని కొయ్యనివ్వవుగా?" అనేవారు ఈయన.

కొనడానికి ఎప్పుడూ సాయంత్రమే వెళ్ళేవాళ్ళం. పొద్దున లేచినప్పటి పాదం వేరు, రోజంతా నిలబడ్డ పాదం వేరు, కాస్త ఉబ్బి ఉంటుంది, దానికి పట్టిందే కొనాలి అనేవారు. ఖరీదైన బూట్లు అద్దాల బీరువాలో ఉండేవి. వాటి వంక తలెత్తి చూసేవారు కాదు. కింద అరలో, అట్టపెట్టెలు కూడా నలిగిపోయిన వాటిలోంచి ఏరేవారు. ఆయన లెక్క ఆయనది. చవక బూటుకి పైతోలు బాగుంటే చాలట. సోలు ఎలాగూ అట్టముక్కలాంటిదే వేస్తారు. చుట్టూ దారంతో కుట్టినట్టు గీతలు కనిపిస్తాయి గానీ అది కుట్టు కాదు, ఉత్త అలంకారం. వానలో రెండుసార్లు తడిస్తే నోరు తెరుస్తుంది. "పైది వాణ్ణి ఇమ్మను. కిందిది నేను చూసుకుంటా," అనేవారు నాతో, ఏదో మేడ కట్టిస్తున్నట్టు.

ఆయన ఉద్యోగం అలాంటిది మరి. పెద్ద బజారులో ఓ అంతస్తుల బట్టల కొట్టు ఉండేది. నున్నటి పాలరాతి నేల, అద్దాల తలుపు. ఆ తలుపు తీసి పట్టుకుని, వచ్చినవాళ్ళకి తల వంచి, లోపలికి రమ్మనే పని ఆయనది. కోటూ టోపీ కొట్టువాళ్ళే ఇచ్చేవారు. బూట్లు మాత్రం ఎవరివి వాళ్ళవే. నల్లవి, తాళ్ళు కట్టుకునేవి, మొహం కనపడేలా మెరవాలి. రోజూ కొట్టు తెరిచే ముందు సూపర్‌వైజరు అందర్నీ వరసలో నిలబెట్టి పాదాల వంకే చూసేవాడట. "మా సూపర్‌వైజరు బజారులో ఎదురుపడితే నా మొహం గుర్తుపట్టడే. నా బూట్లు మాత్రం పంపిస్తే చాలు, జీతం వాటి చేతికే ఇచ్చేస్తాడు," అని నవ్వించేవారు.

సెలవు రోజున బాల్కనీలో పాత దుప్పటి పరుచుకుని కూర్చునేవారు. కొత్త బూట్లైనా సరే, ఒక్క రోజు కూడా తొడక్కుండా ముందు సోలు సంగతి చూడాల్సిందే. చాకుని నీళ్ళలో ముంచుకుంటూ రబ్బరు షీటు కోసేవారు. తడి చాకైతే వెన్నలో దిగినట్టు దిగుతుంది, పొడి చాకైతే మొరాయిస్తుంది. పాత సోలుని గరుకు కాగితంతో నునుపు పోయేదాకా రుద్దేవారు. రెండు వైపులా గమ్ము రాసి, వెంటనే అతికించకుండా ఊరికే కూర్చునేవారు. వేలు పెడితే జిగురు అంటీ అంటనట్టు ఉండాలి, అదీ అదను. ఆ కూర్చున్న కాసేపట్లో ఊళ్ళోవాళ్ళ కబుర్లన్నీ అయ్యేవి. అప్పుడు అతికించి, మధ్యలోంచి అంచులకి సుత్తితో తట్టుకుంటూ వచ్చి, బూట్లలో గుడ్డలు కుక్కి, పైన పీట వేసి నన్ను పిలిచేవారు.

"ఇదిగో, వచ్చి కూర్చో."

నేను పక్కింటి టైలరు దగ్గర గుండీలు కుట్టేదాన్ని. ఆ చొక్కాల మూట తెచ్చుకుని పీట మీద కూర్చుంటే మళ్ళీ లేవనిచ్చేవారు కాదు. "ఫ్యాక్టరీలో మిషన్లు నొక్కుతాయి. మనింట్లో మీ అమ్మ నొక్కుతుంది. మిషనుకి కరెంటు కావాలి, మీ అమ్మకి టీ చాలు," అనేవారు పిల్లతో. మాకు ఒక్కతే పిల్ల. ఇంటి పేరూ ఒంటి పేరూ ఎన్నున్నా మేము చిన్నది అనే పిలిచేవాళ్ళం, పెద్దది ఎవరూ లేకపోయినా.

ఆ చిన్నదానికి బొమ్మల మీద లేని శ్రద్ధ ఈ బూట్ల మీద ఉండేది. గమ్ము రాసేది తనే, రబ్బరు అంచులు చెక్కేది తనే. ఆఖరికి ఒక తతంగం ఉండేది తండ్రీకూతుళ్ళకి. బూట్లని నేల మీద పక్కపక్కన పెట్టి, ఇద్దరూ బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి వెనక నుంచి చూసేవారు.

"రెండూ సమానమేనా?"

"సమానమే నాన్నా!"

ఆ మాట వినపడితే గానీ ఆయన లేచేవారు కాదు. ఒకటి ఎత్తూ ఒకటి పల్లం అయితే మోకాలు పోతుంది, నడుము పోతుంది, మనిషే ఒరిగిపోతాడు అని దానికి వెయ్యిసార్లు చెప్పి ఉంటారు.

చిన్నది పెద్దదై నర్సు చదువులో చేరింది. హాస్టల్లో ఉండేది. చదువు ఆఖరి ఏడాదికి ముందటేడు నాకు టైఫాయిడ్ వచ్చింది. ఎవరూ కబురు పెట్టలేదు, ఎలా తెలిసిందో, సంచీ వేసుకుని వచ్చేసింది. పరీక్షలు మానేసి నా మంచం పక్కనే కూర్చుంది. వెళ్ళమంటే వెళ్ళదు. "పరీక్ష మళ్ళీ వస్తుందమ్మా, నువ్వు మళ్ళీ వస్తావా?" అంది. ఆ ఏడు పోయింది. మా ఆయన దాన్ని ఏమీ అనలేదు గానీ లోలోపల కుమిలిపోయారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరికి తుమ్ము వచ్చినా చిన్నదానికి తెలియకూడదు అని ఒక చట్టం పెట్టారు.

ఆ చట్టం పెట్టిన మనిషికే జబ్బు వచ్చింది.

ముందు నాకు చెవికి తెలిసింది. మా వాటా పై అంతస్తులో. ఆయన మెట్లెక్కుతుంటే టక్కు టక్కుమని గడియారంలా వినపడేది. ఆ చప్పుడు మొదలవగానే నేను టీకి నీళ్ళు పెట్టేదాన్ని, ఆయన లోపలికొచ్చేసరికి మరిగేవి. ఒకరోజు టక్కు తర్వాత సర్రుమని ఇంకో చప్పుడు. చీపురుతో ఊడ్చినట్టు. ఎవరో పొరుగువాళ్ళు అనుకున్నాను. తలుపు తీస్తే ఈయన.

తర్వాత కంటికి తెలిసింది. ఆయన సోళ్ళు ఎప్పుడూ మడమల దగ్గరే అరిగేవి, అదీ ఏళ్ళు పట్టేది. ఇప్పుడు కుడి బూటు ముక్కు దగ్గర, ఎలక కొరికినట్టు అరిగిపోతోంది. కొత్త రబ్బరు వేస్తే నెల తిరక్కుండానే మళ్ళీ పోతోంది.

"ఈ మధ్య రబ్బరు నాసిరకం వస్తోందే," అన్నారు.

"రబ్బరు నాసిరకమైతే ఎడమదానికెందుకు రాలేదండీ ఆ రోగం?"

బూటు తిరగేసి పక్కన పెట్టేశారు. నేను వదల్లేదు. బతిమాలి, అలిగి, అన్నం మానేసి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. నడుములో నరం నలిగిందన్నాడు. కుడిపాదం పైకి లేవడం మానేస్తోంది, వేళ్ళు కిందికి వాలిపోతున్నాయి, నిలబడే పని మానేసి పడుకోవాలి, ఆలస్యం చేస్తే ఆపరేషను దాకా పోవచ్చు అన్నాడు. ఈయన బుద్ధిగా తలూపారు. బయటికొచ్చాక మెట్ల మీదే నా చేయి పట్టుకున్నారు.

"దాని పరీక్షలయ్యేదాకా. అంతే. అవగానే నువ్వు ఎక్కడ పడుకోమంటే అక్కడ పడుకుంటా."

"అప్పటిదాకా ఆ కాలు ఆగుతుందా?"

"కాలు సంగతి నేను చూసుకుంటా. ఇప్పుడు ఇది దానికి తెలిసిందంటే పుస్తకాలు కట్టగట్టి, ఏ క్లినిక్కులోనో సూదులేసే పనిలో చేరిపోతుంది. నీకు తెలీదా దాని సంగతి?"

తెలుసు. అందుకే సరేనన్నాను.

కాలు సంగతి చూసుకోవడమంటే ఏమిటో తర్వాతి సెలవు రోజున తెలిసింది. బాల్కనీలో కూర్చుని ఎడమ బూటుకి రబ్బరు అతికిస్తున్నారు. మంచి కాలిది. ఒక పొర వేసి, దాని మీద ఇంకో పొర వేస్తున్నారు. మతి పోయిందా అనుకున్నాను. తొడుక్కుని గదిలో అటూ ఇటూ నడిచి చూపించారు. ఎడమ వైపు ఎత్తయ్యేసరికి, కుడికాలు ముందుకి వేసేటప్పుడు ఆ వాలిపోయిన వేళ్ళకి కింద చోటు దొరికింది. నేలకి తగలకుండా దాటిపోయింది. సర్రుమనే చప్పుడు లేదు!

"విన్నావా? ఏమైనా వినపడిందా?" చిన్నపిల్లాడిలా అడిగారు.

"ఏం వినపడలేదు."

"సూపర్‌వైజరుకీ వినపడదు. అది వచ్చినప్పుడు దానికీ వినపడదు."

రెండూ సమానమేనా అని ఆయన అడగలేదు. నేను పీట మీద కూర్చుంటే మొదటిసారి అది ఒరిగింది.

అలా నెట్టుకొచ్చారు. కాలు ఇంకాస్త వాలితే ఇంకో పొర. అంచులకి నల్లరంగు పూసేవారు, చూసేవాళ్ళకి తేడా తెలియకుండా. నాకు మాత్రం తుడిచేటప్పుడు చేతికి తెలిసేది. ఎడమది ఇనప ముక్కలా బరువుగా ఉండేది.

పరీక్షలు ఇంకో వారంలో ఉన్నాయనగా చిన్నది ఇంటికొచ్చింది. రెండు రోజులుండి, ఇంటి తిండి తిని పోతానంది. దాని ఎదుట ఆయన కుర్చీలోంచి లేవకుండా చూసుకున్నారు. ఆ సాయంత్రం అది స్నానానికి వెళ్ళినప్పుడు చూసి ఆయన మంగలి దగ్గరికి వెళ్ళారు, చెప్పులేసుకుని. నేను టైలరుకి చొక్కాలు ఇచ్చి రావడానికి వెళ్ళాను, అక్కడ ఆలస్యమైంది. వచ్చేసరికి చిన్నది వంటింట్లో కూనిరాగం తీస్తోంది. "ఏమిటే హుషారు?" అంటే "ఏం లేదు" అని నవ్వింది. చేతులు గమ్ము వాసనేశాయి. బాల్కనీలో ఏదో గెలుకుతూ ఉందిలే అనుకున్నాను.

పొద్దున ఆయన కోటు వేసుకుని బూట్ల కోసం వెతుక్కుంటున్నారు. చిన్నది తన గదిలోంచి, ట్రంకుపెట్టె బరువు కింద నొక్కి ఉంచిన జతని పట్టుకొచ్చింది. రెండు చేతుల్లో, ఏదో బహుమతి తెచ్చినట్టు.

"నాన్నా, నీ చూపు తగ్గినట్టుంది. ఎడమదానికి పొర మీద పొర అతికించేశావు, ఎంత ఎత్తైపోయిందో చూసుకున్నావా? నడుము పోతుంది అని నాకు చెప్పింది ఎవరు? మొత్తం చెక్కేసి, రెండిటికీ కొత్త రబ్బరు వేశా. నేల మీద పడుకుని చూశా నాన్నా. రెండూ సమానమే!"

నా చేతిలో గ్లాసు ఉంది. అది ఎలా కింద పెట్టానో నాకు తెలీదు. ఆయన ఆ బూట్ల వంక చూశారు, దాని మొహం వంక చూశారు. కుర్చీలో కూర్చుని తాళ్ళు నెమ్మదిగా, చాలా నెమ్మదిగా కట్టుకున్నారు. లేచి ఒక అడుగు వేశారు. కుడి ముక్కు చాపకి తగిలింది. వెంటనే చాప సర్దుతున్నట్టు వంగారు.

"ఎలా ఉంది నాన్నా?"

"నా కంటే బాగా వేశావు," అన్నారు. "అంచులు చూడు ఎలా చెక్కావో. కంపెనీవాడు కూడా చెక్కడు ఇలా."

అబద్ధం కాదది. నిజంగానే బాగా వేసింది. గురువు మంచివాడు కదా.

నేను మెట్ల దాకా వెంటబడ్డాను. "ఈ ఒక్కరోజూ సెలవు పెట్టండి. కడుపునొప్పి అని చెప్పిస్తాను. మీకు దణ్ణం పెడతా."

"సెలవు పెడితే పక్కన కూర్చుని నాడి చూస్తుంది. దాని బుర్ర సంగతి నీకు తెలీదు." కమ్మీ గట్టిగా పట్టుకున్నారు. "సాయంత్రం అది స్నేహితురాలి ఇంటికి వెళ్తుందిగా. అప్పుడు మళ్ళీ అతికించుకుంటా. ఒక్క పూట. జాగ్రత్తగా ఉంటాలే, వెళ్ళు."

పైన బాల్కనీలోంచి అది చెయ్యి ఊపుతోంది. వీధి మలుపు దాకా ఆయన కుడికాలు మోకాలి దాకా ఎత్తెత్తి వేసుకుంటూ నడిచారు, బురదలో నడుస్తున్నట్టు. అది నవ్వింది. "చూడమ్మా, కొత్త బూట్లేసుకున్న పెళ్ళికొడుకులా ఎలా నడుస్తున్నాడో!"

మధ్యాహ్నానికి కొట్టు ముందు బళ్ళు పెట్టించే మీసాలాయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. మెట్ల కిందనుంచే "వదినా!" అని కేక పెట్టాడు. ఆ కేకలోనే నాకు అంతా వినపడిపోయింది. ఎవరో ముసలావిడ సంచులతో బయటికొస్తోందట. తలుపు పట్టుకుని, సంచీ అందుకుందామని ఈయన ఒక్క అడుగు ముందుకి వేశారట. గడప దగ్గర ఇత్తడి పట్టీ ఉంటుంది, వెంట్రుకంత ఎత్తు. బూటు ముక్కు దానికి తగులుకుంది. ముసలావిడ మీద పడకూడదని పక్కకి ఒరిగారట. పాలరాయి మీద తుంటి తగిలింది.

ఆస్పత్రిలో ఆయన మంచం కింద బూట్లు పెట్టి ఉన్నాయి. చిన్నది వాటిని తీసి తిరగేసింది. నిన్న సాయంత్రం తను వేసిన కొత్త రబ్బరు. ఎడమది చెక్కు చెదరలేదు. కుడిదాని ముక్కు అప్పుడే తెల్లగా గీసుకుపోయి ఉంది, ఒక్క పూటలో. దాన్ని చేత్తో తడిమింది. తర్వాత దుప్పటి తొలగించి ఆయన కుడిపాదం పట్టుకుంది.

"నాన్నా, వేళ్ళు పైకి లేపు."

"మత్తిచ్చారుగా తల్లీ, ఇప్పుడెలా లేస్తాయి?"

"మత్తు ఇంకా ఇవ్వలేదు నాన్నా."

ఆయన పైకప్పు వంక చూస్తూ అన్నారు, "నేల తడిగా ఉందమ్మా. ఎవరో తుడిచి వదిలేశారు. నీ సోలు గట్టిగా ఉంది కాబట్టి తుంటితో పోయింది. నా పాత సోలైతే తల పగిలేది."

అది చాలాసేపు ఆయన్నే చూసింది. నర్సు చదువు ఆఖరికొచ్చిన పిల్ల. ఎడమది ఎందుకు ఎత్తుగా ఉండేదో ఈపాటికి దానికి తెలిసిపోయిందని నాకు దాని మెడ మీద నరం చూస్తేనే తెలుస్తోంది. అడుగుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. దుప్పటి కప్పేసి, "తడి నేల పక్కన బోర్డు పెట్టాలి కదా, బుద్ధిలేని మనుషులు," అంది.

బయట వరండాలో నా పక్కన కూర్చుని, "నేను పరీక్షలు రాస్తానమ్మా," అంది. "మానేస్తే నాన్నకి తెలిసిపోతుంది."

ఏం తెలిసిపోతుందో నేను అడగలేదు. రాసింది, పాసైంది.

కొట్టువాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఆస్పత్రికి పళ్ళు పంపారు. తర్వాత ఒక అట్టపెట్టెలో ఆయన దువ్వెనా, పాలిషు డబ్బా, గుడ్డా సర్ది పంపారు. పెట్టె చూసి ఆయన అన్నారు, "చూశావా, సూపర్‌వైజరుకి నా మొహం గుర్తుండదన్నాను కదా." ఆసారి మేమెవ్వరం నవ్వలేదు.

ఆ తలుపు దగ్గర ఆయన మళ్ళీ నిలబడలేదు. తుంటి అతుక్కుంది గానీ కాలు తిరిగి రాలేదు. ఆలస్యమైంది అన్నారు. మంచం నుంచి బాల్కనీకీ, బాల్కనీ నుంచి మంచానికీ, కర్ర పట్టుకుని అంతే నడక. అయినా రోజూ పొద్దున్నే ఆ నల్లబూట్లు తొడిగించుకునేవారు. చిన్నదానికి పెద్దాస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. సెలవు రోజున వచ్చి బాల్కనీలో దుప్పటి పరిచేది. చాకు నీళ్ళలో ముంచేది. అరగని బూట్లకి సోళ్ళు వేసేది. వేసినప్పుడల్లా ఎడమది ఎత్తు చేసేది, ఎంత కావాలో అంత, ఆయన కాలు చూసుకుని. ఆయన చూసేవారు. అది చూసేది. ఇద్దరూ ఊళ్ళోవాళ్ళ కబుర్లు చెప్పుకునేవారు.

ఆఖరి రోజుల్లో ఊపిరి కూడా బరువైపోయింది. ఒక సాయంత్రం నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశారు.

"దానికి చెప్పలేదు కదా? ఆనాటి బూటు సంగతి?"

"లేదండీ."

"చెప్పకు. మోయలేదు."

అది వంటగది గుమ్మంలోనే ఉంది, చేతిలో బూట్లతో. నాకు దాని చీర అంచు కనపడుతోంది. కొంచెం వెనక్కి వెళ్ళి, అప్పుడే వస్తున్నట్టు దగ్గి లోపలికొచ్చింది.

"నాన్నా, కొత్త సోళ్ళు వేశాను. చూస్తావా?"

వాటిని నేల మీద పక్కపక్కన పెట్టింది. ఎడమది ఇటుకలా ఉంది. మంచం మీద నుంచి ఆయనకి అవి ఆనలేదో, ఆనాయో.

"రెండూ సమానమేనా తల్లీ?"

అది బోర్లా పడుకుంది. అంత పెద్ద పిల్ల, ఆస్పత్రి యూనిఫాం చీర నలిగిపోతున్నా చూసుకోకుండా, చెంప నేలకి ఆనించింది. మొహం ఆయనకి కనపడకుండా అటు తిప్పుకుంది.

"సమానమే నాన్నా," అంది.